గుర్రపుడెక్కకో ఇంటి నంబరు

మా కాలనీ పక్కన చెరువుంది. ఉందని రెవెన్యూ రికార్డుల్లో రాసుంది, మేమూ నమ్ముతున్నాం. కంటికి కనిపించేది మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎడతెగని పచ్చిక. కిందటి వేసవిలో మూడో అంతస్తులోకి అద్దెకు దిగినవాళ్ల అబ్బాయి మర్నాడే బ్యాటు పట్టుకొచ్చి, "అంకుల్, ఈ గ్రౌండ్‌కి గేటు ఎటుంది?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు. అప్పుడప్పుడు గేదెలు కూడా అలాగే పొరబడుతుంటాయి. ఫ్లాట్లు అమ్మేటప్పుడు బిల్డరు 'లేక్ వ్యూ' అని చెప్పి అడుగుకి మూడొందలు ఎక్కువ తీసుకున్నాడు. ఇప్పుడది 'గార్డెన్ వ్యూ' అయిపోయింది. తేడా డబ్బు ఇమ్మని ఇంతవరకు ఫోన్ చేయలేదు. మంచి మనిషి.

ఆ పచ్చిక పేరు గుర్రపుడెక్క. అందరూ దాన్ని కలుపంటారు, పీడంటారు, మహమ్మారంటారు. దాని వైపు నుంచి ఆలోచించినవాళ్లు ఒక్కరూ లేరు. పదేళ్లుగా దాన్ని దగ్గర నుంచి చూస్తున్నవాడిగా (నాలుగో అంతస్తు, తూర్పు బాల్కనీ) నేనొక విషయం మనవి చేసుకోవాలి. ఈ నగరంలో సెలవు పెట్టకుండా, టైముకి పని పూర్తిచేసేది ఏదైనా ఉందంటే అదొక్కటే.

హద్దుల సంగతే తీసుకోండి. హైదరాబాద్‌లో ఏ చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) ఎక్కడిదాకా అన్నది తేలని తగువు. సర్వేలు, మ్యాపులు, స్టేలు, మళ్లీ సర్వేలు. గుర్రపుడెక్కకి ఆ గందరగోళం లేదు. వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా పరుచుకుని, గీత గీసినట్టు ఆగుతుంది. గజం అటూ ఇటూ జరగదు, సరిహద్దు రాయి పీకదు, పక్కవాడి ప్లాటు మీద దొంగ రిజిస్ట్రేషన్ చేయించదు. చెరువును ఆక్రమించినవాళ్లలో నీటిమట్టాన్ని గౌరవించింది ఇదొక్కటే.

పుట్టిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ వైపు. ఊదారంగు పువ్వు బాగుందని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎవరో బెంగాల్‌కి తెచ్చారు. కొలనులో అలంకారానికి వచ్చిన మొక్క కాలవలెక్కింది, వరిచేలల్లో దూరింది, పడవల దారి మూసేసింది. చివరికి 1936లో దాని కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సొచ్చింది. ఎవడి జాగాలో మొక్క ఉంటే వాడే పీకాలని అందులో షరతు. మరుసటి ఏడాది ఎన్నికల్లో పెద్ద పార్టీలన్నీ తమను గెలిపిస్తే గుర్రపుడెక్క లేకుండా చేస్తామని మేనిఫెస్టోల్లో రాసుకున్నాయి. తొంభై ఏళ్లు కావస్తోంది. ఆ తర్వాత అక్కడ దేశం రెండైంది, ఒక భాగం మళ్లీ వేరే దేశమైంది. మొక్క మాత్రం అటూ ఇటూ క్షేమంగా ఉంది.

అమెరికా వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. లూసియానాలో కాలవలు ఇదే మొక్కతో నిండిపోతే, రాబర్ట్ బ్రూసార్డ్ అనే ఆయన 1910లో వాళ్ల పార్లమెంటులో ఒక బిల్లు పెట్టాడు. ఆఫ్రికా నుంచి నీటిగుర్రాల్ని దిగుమతి చేసి కాలవల్లో వదిలితే అవి మొక్కని తింటాయి, వాటిని మనం తినొచ్చు, మాంసం కొరత కూడా తీరుతుందని. బిల్లు నెగ్గలేదు. ఒక్కసారి ఊహించుకోండి, ఆ నీటిగుర్రాలు మన దాకా వచ్చుంటే. ఈపాటికి వాటికో సంఘం, వాటి దాణాకో టెండరు, వాటి మీద ఒక విజిలెన్సు విచారణ.

ఇంతకీ దాని పోషణభారం మోస్తున్నదెవరు? మేమే. పొద్దున్నే ఐదింటి నుంచి ఇంటింటా ఫ్లష్ నొక్కడంతో సేవ మొదలవుతుంది. మురుగులోని నత్రజని, సబ్బుపొడిలోని భాస్వరం, వీటిని మించిన విందు ఆ మొక్కకి లేదు. తిండి ఇంత బాగుంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అంటే పావు చెరువు నిండినప్పుడు ఎవరైనా అర్జీ పెడితే, అది ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లేలోగా సగమవుతుంది. టెండరు తెరిచే రోజుకి మొత్తం నిండి, ఊదాపూలతో అధికారులకి స్వాగతం పలుకుతుంది. మా అసోసియేషన్ మీటింగులో 'గుర్రపుడెక్కను వెంటనే తొలగించవలెను' అన్న తీర్మానం ఏటా ఏకగ్రీవమే. ఆ వెంటనే అజెండాలో ఉండే 'ఎస్‌టీపీ రిపేరుకు ఫ్లాటుకి రెండు వేలు' (ఎస్‌టీపీ అంటే మా మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) అన్న అంశం వరసగా నాలుగోసారి వాయిదా పడింది. అక్కడికొచ్చేసరికి అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. నాక్కూడా.

తొలగింపు ఎలా ఉంటుందో చెప్పకపోతే అన్యాయమవుతుంది, చూసి తీరాల్సిన దృశ్యం. ముందుగా బ్యానరొస్తుంది. తర్వాత నాయకుడొచ్చి, గ్లవ్స్ తొడుక్కుని, ఒక మొక్కని కాడ పట్టుకుని పైకెత్తి ఫొటో దిగుతాడు. ఆ మొక్క ముందురోజే పీకి పెట్టింది. ఆయన వెళ్లాక యంత్రం దిగుతుంది. నిజానికి అదేం మామూలు యంత్రం కాదు. నీళ్ల మీద తేలుతూ, ముందు పళ్లున్న పట్టాతో మొక్కల్ని పైకి లాక్కుని, గట్టు దగ్గరికొచ్చి కుమ్మరిస్తుంది. వేర్లు నల్లగా, జడకుచ్చుల్లాగా బారెడేసి వేలాడుతుంటాయి. వాటిలోంచి పాలిథిన్ కవర్లు, చెప్పులు, కిందటేడు వినాయకుడి కిరీటం ముక్క. వాసన గురించి రాయను, మీరు ఏ అన్నం ముందో కూర్చుని చదువుతుండొచ్చు.

మర్నాడు పేపర్లో ఇన్ని వందల టన్నులు తీసేశారని వార్త. ఇక్కడ ఒక చిన్న లెక్కుంది. గుర్రపుడెక్క బరువులో దాదాపు 95 శాతం నీళ్లే. వంద టన్నులు ఎత్తితే తొంభై ఐదు టన్నుల చెరువునే లారీకెక్కించామన్నమాట. మిగతా ఐదు టన్నులే మొక్క. చెరువులో నీళ్లు లేకుండా చేయాలంటే ఇన్నాళ్లూ మట్టి పోయాల్సొచ్చేది. ఇప్పుడు శుభ్రంచేస్తే చాలు.

లారీకెక్కించామన్నది కూడా మాటవరసకే. సగం గట్టు మీదే ఉంటుంది. 'ఆరాక తరలిస్తారు' అని చెబుతారు. కుప్ప పైన వారం దాకా పువ్వులు పూస్తూనే ఉంటాయి. రెండో అంతస్తు సుజాత గారు వాకింగ్‌కొచ్చి పూజకని రెండు కోసుకెళ్తారు. మొదటి వానకి కుప్ప జారుకుంటూ మెల్లగా చెరువులోకి దిగిపోతుంది. పుట్టింటికి పోయిన పిల్ల అత్తారింటికి తిరిగొచ్చినట్టు, కాస్త ఒళ్లు చేసి. అది జారకపోయినా భయం లేదు. బురదలో పడిన గింజలు పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కూడా మొలకెత్తుతాయి. మనవన్నీ ఐదేళ్ల ప్రణాళికలు కదా.

ఒకరోజు ఆ యంత్రాన్ని ట్రాలీ మీదికెక్కిస్తుంటే చూడ్డానికి వెళ్లాను. పట్టా సందుల్లో పచ్చటి కాడలు, ఇరుసు చుట్టూ వేర్లు, వెనకాల ఏకంగా ఒక పువ్వు కూడా. పక్క మండలంలో ఇంకో చెరువుకి తీసుకెళ్తున్నారట. అక్కడ ఈ మొక్క ఇంకా అంతగా లేదట.

"కడగరా తమ్ముడూ, తీసుకెళ్లేముందు?" అన్నాను.

డ్రైవర్ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "కడగాల్నంటే నీళ్లు గావాలె కద సార్. ఈ చెర్వు నీళ్లతోని కడిగితే ఏం లాభం? ఆడికి వొయినంక ఆ చెర్వుల కడుగుతం."

పదేళ్లలో ఈ విషయం మీద నేను విన్న సూటి మాట అదొక్కటే.

మా మేనల్లుడు మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ కారు నంబరు ప్లేటు మీదే పది వేల సరస్సులని రాసుంటుంది. వాడికో చిన్న పడవుంది. దాన్ని సరస్సులోంచి బయటికి తీశాక అంటుకున్న నాచు ఒలవాలి, అడుగున బిరడా పీకి నీళ్లన్నీ వదిలేయాలి. ఒక్క మొక్క వేలాడుతూ రోడ్డెక్కినా నేరమే. రేవు దగ్గర ఇన్‌స్పెక్టరు వంగి మరీ చూస్తాడట. జీబ్రా మసెల్ అని గోరంత ఆల్చిప్ప ఉందట, అది ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పోకూడదని ఇంత హడావుడి. కాలిఫోర్నియా సరిహద్దులో తాహో అనే సరస్సులోనైతే 2008 నుంచి మోటారు పడవ తనిఖీ కాకుండా నీళ్లలోకి దిగడానికి వీల్లేదు. విన్నప్పుడు నాకు జాలేసింది. గోరంత జీవాన్ని నమ్మలేని సమాజం. మనం మొసలి వచ్చినా ముందు సెల్ఫీ దిగుతాం.

అతిథి మర్యాదంటే నా ఇంటి సంగతే చెప్పాలి. మా అమ్మాయి చిన్నప్పుడు ఫిష్ ట్యాంక్ కొన్నాం. గాజుకి పట్టిన పాచి తింటుందని షాపువాడు వేలెడంత నల్లచేపని అంటగట్టాడు. సక్కర్ ఫిష్. దానికి మా అమ్మాయి టామీ అని పేరు పెట్టింది. టామీ పాచి తింది, వేసిన తిండి తింది, అడుగు పొడవైంది, ఒక రాత్రి మిగతా రెండు చేపలూ కనిపించలేదు. చంపడానికి మనసొప్పక, ఒక శుక్రవారం సాయంత్రం బకెట్లో తీసుకెళ్లి చెరువులో వదిలాం. మా ఆవిడ పసుపు కుంకుమ చల్లింది. పుణ్యం చేశామన్న తృప్తితో దారిలో మిర్చిబజ్జీ తిని ఇంటికొచ్చాం.

తర్వాత తెలిసింది, దానిదీ దక్షిణ అమెరికానే. చెరువు నిండా చుట్టాలే, బెంగ పెట్టుకునే పని లేదు. ఒంటి మీద కవచంలాంటి పొలుసు, వలలో పడితే వల చిరగాల్సిందే, గట్లలో బొరియలు తవ్వుతుంది. జాలర్లు దయ్యం చేపంటారు, తినరు, కొనరు. ఇక్కడే హబ్సిగూడలో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్‌ఏని బట్టి ఈ చేప ఎక్కడెక్కడుందో పట్టే పద్ధతి కనిపెట్టారు. తూర్పు కనుమల్లోని నీటివనరుల్లో సుమారు 60 శాతంలో ఇది చేరిందని తేల్చారు. అన్ని చోట్ల అన్ని కుటుంబాలు పసుపు కుంకుమతో పుణ్యం చేశాయన్నమాట. మా చెరువు నీళ్లు వాళ్ల దాకా వెళ్లలేదనుకుంటా. వెళ్తే టామీ పేరు బయటపడుతుందేమోనని అప్పుడప్పుడు టెన్షన్.

దోమలకైతే గంబూసియా ఉండనే ఉంది. అదీ పరాయి చేపే, 1928లో మన దేశానికి తెచ్చారు. దోమ పిల్లల్ని తింటుందని చెరువుల్లో వదులుతుంటారు. ప్రపంచంలోని వంద అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో దాని పేరూ ఉంది, గుర్రపుడెక్క పేరూ ఉంది. ఒక దొంగని పట్టడానికి ఇంకో దొంగకి లాఠీ ఇచ్చాం. వాళ్లిద్దరూ హాయిగా ఉన్నారు. మేం సాయంత్రం ఐదింటికల్లా తలుపులేసుకుని దోమల బ్యాటుతో టపటపలాడిస్తున్నాం.

మందు లేదా అంటే ఉంది. ఈ మొక్క ఊరి నుంచే దాన్ని మాత్రమే తినే ముక్కుపురుగుల్ని 1980ల్లో మన దేశానికి తెచ్చి, బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో వదిలారు. కొన్ని చోట్ల మూడేళ్లలోపే మొక్క అణిగింది. మన దగ్గర దానికి ఆదరణ తక్కువే. పురుగు మీదేం తప్పు లేదు. దానికి డీజిల్ అక్కర్లేదు, ట్రాలీ అక్కర్లేదు, బిల్లు పెట్టదు, బ్యానర్ కట్టించదు. పైగా మురుగు వచ్చినన్నాళ్లూ మొక్క దానికంటే వేగంగా పెరుగుతుంది. ఇలాంటి ఉద్యోగిని ఏ శాఖ మాత్రం తీసుకుంటుంది?

అందుకే నా ప్రతిపాదన. గుర్రపుడెక్కకి ఇంటి నంబరిద్దాం. నూరేళ్లు దాటి ఇక్కడే ఉంది, తాగునీటి కనెక్షనుంది, డ్రైనేజీ కనెక్షన్ అంతకంటే గట్టిగా ఉంది. రెండు వారాలకోసారి విస్తీర్ణం రెట్టింపయ్యే ఆస్తి మీద పన్నేస్తే ఖజానాకి ఎంత లాభమో ఆలోచించండి.

అలాగని నివారణ చర్యలు తీసుకోలేదని మమ్మల్ని అనకండి. రెండేళ్ల కిందట అసోసియేషన్ ఖర్చుతో గట్టు దిగువన నీలం అక్షరాలతో పెద్ద బోర్డు పెట్టించాం, 'ఇక్కడ చెత్త వేయరాదు' అని. ఈ సంక్రాంతికి మేనల్లుడు భార్యాపిల్లలతో వచ్చాడు. గట్టు మీద నడుస్తుంటే పుల్ల తీసుకుని బూట్ల అడుగున మట్టి గీకుతూ, "ఇక్కడ చెకింగ్ ఎవరు చేస్తారు మావయ్యా?" అన్నాడు. కాస్త గర్వంగానే బోర్డు దగ్గరికి తీసుకెళ్లాను. వాడి కూతురికి ఏడేళ్లు, అక్కడ ఆదివారం బడిలో తెలుగు నేర్చుకుంటోంది. చాక్లెట్ కాగితం చేతిలో పట్టుకుని అరగంట నుంచి చెత్తడబ్బా కోసం వెతుకుతోంది. బోర్డు ముందు మోకాలెత్తున లేచిన మొక్కల్లో ఒక ఊదాపువ్వు సరిగ్గా చివరి అక్షరానికి అడ్డంగా నిలబడింది. పిల్ల ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. "ఇక్కడ... చెత్త... వే...య...రా."

నా వైపు చూసి, "ఓకే తాతయ్యా" అని కాగితం చెరువులోకి విసిరింది.