ఐదు గంటలకు ఏడు కూతలు

మా నాన్నగారు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు డెబ్బై ఏళ్ళు నిండుతున్నాయని జర్మనీ నుంచి ఒక కోకిల గడియారం తెప్పించాను. అది పగిలి వచ్చింది. డబ్బు వెనక్కి ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు. జరిగింది ఇంతే. కానీ ఈ మధ్య మా వీధిలో పిల్లలు నన్ను చూసి ‘కూ’ అంటున్నారు కాబట్టి మిగతాది కూడా చెప్పుకోక తప్పడం లేదు.

కోకిల గడియారం అంటే గోడకు తగిలించే బుల్లి చెక్క ఇల్లు. గంట కొట్టే వేళకు పైనున్న తలుపు తెరుచుకుని చెక్క పిట్ట ఒకటి బయటికి వస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు కూసి లోపలికి పోతుంది. అరగంటకు ఒక్క కూత. మన బేకరీల పుణ్యమా అని కేకు పేరుగా అందరికీ తెలిసిన బ్లాక్ ఫారెస్ట్ ఉందే, జర్మనీ నైరుతి మూలనున్న ఆ అడవి ప్రాంతమే వీటికి పుట్టిల్లు. నన్ను పడగొట్టింది మాత్రం పిట్ట కాదు, ఇల్లు. 1850లో ఫ్రీడ్రిష్ ఐసెన్‌లోర్ అనే ఆర్కిటెక్టు, రైలు పట్టాల పక్కన కాపలాదారు ఉండే ఇంటి నమూనాలో ఈ గడియారానికి రూపం గీశాడు. గార్డుగారి గోడకు గేటుమ్యాన్ ఇల్లు! ఇంతకన్నా తగిన కానుక గుంటూరు డివిజన్ మొత్తం గాలించినా దొరకదనుకుని డబ్బు కట్టేశాను.

మేము ఉండేది బ్రాడీపేటలో. గుంటూరు వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు, బ్రాడీపేట చిరునామాకు ప్రాణం మధ్యలో ఉండే గీత. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఆ వెబ్‌సైటుకు గీత గిట్టదు. ‘చెల్లని అక్షరం’ అని ఎర్రటి అక్షరాలతో మందలించింది. గీత తీసేస్తే ఊరుకుంది. ఆ విధంగా మేము బ్రాడీపేట నలభై ఏడో లైనుకు మారిపోయాం. అటువంటి లైను మా మనవల కాలానికైనా పడుతుందన్న నమ్మకం లేదు.

దాన్ని ఎండలో వెతికి వెతికి వచ్చిన డెలివరీ అబ్బాయి కోపంగా ఉన్నాడు. పెట్టె ఒక మూల అప్పటికే లోపలికి నొక్కుకుపోయి ఉంది. కదిపితే లోపల ఏదో దొర్లుతోంది.

“తెరిచి చూసుకుని ఓటీపీ చెబుతాను బాబూ” అన్నాను.

“ఓటీపీ చెప్పకపోతే పెట్టె ఇవ్వకూడదు సార్. పెట్టె ఇవ్వకపోతే మీరు ఎలా తెరుస్తారు?”

ఈ తర్కంలో లోపం ఎక్కడుందో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. అంకెలు చెప్పాను. చెప్పిన మరుక్షణం ఫోను మోగింది: ‘మీ వస్తువు మంచి స్థితిలో అందినది.’ నా చేతికి రాకముందే దాని స్థితి నాకన్నా బాగా తెలిసిన ఆ మహానుభావులు ఎవరో!

లోపల చూస్తే గేటుమ్యాన్ ఇంటి కప్పు కూలిపోయి ఉంది. ఈ గడియారాలను నడిపేవి గొలుసులకు వేలాడే ఇనుప బరువులు. దేవదారు కాయల ఆకారంలో ముచ్చటగా ఉంటాయి. వారానికోసారి లాగే రకం కాబట్టి ఒక్కొక్కటి కిలోకు పైనే తూగుతుంది. వాటిని పలచటి కాగితంలో చుట్టి గడియారం పక్కనే పడుకోబెట్టారు. సముద్రాలు దాటినంత సేపూ అవి ఆ ఇంటి మీద పడి దొర్లాయి. కూత పుట్టించే తిత్తులు రెండుంటే ఒకటి చిరిగింది. తలుపు బిగుసుకుపోయింది. పిట్టకు ముక్కు లేదు. దేవదారు కాయలకు మాత్రం గీత కూడా పడలేదు.

దుకాణం వాళ్ళు రవాణా సంస్థను అడగమన్నారు. రవాణా సంస్థ దుకాణాన్ని అడగమంది. గట్టిగా నిలదీస్తే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని నా ముందుంచారు. విమానంలో వచ్చిన సరుకు పాడైతే పద్నాలుగు రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారానికి పరిమితి కిలోకు 26 ఎస్‌డీఆర్. అది అంతర్జాతీయ ద్రవ్య నిధి వారి లెక్క. మన రూపాయల్లో కిలోకు దాదాపు మూడు వేలు. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో పెరిగినవాడిని, తూకం వేసి ధర కట్టడం నాకు కొత్త కాదు. అయితే యార్డులో కనీసం పాడైన కాయను పక్కకు తీసి తూస్తారు. ఇక్కడ పెట్టె మొత్తానికి ఒకటే తూకం. వంటింటి త్రాసు మీద పెడితే పిట్టకు ముల్లు కదలలేదు. అంటే పగిలిన పిట్ట వాటా సున్నా, దాన్ని పగలగొట్టిన ఇనుముది సింహభాగం. అది కూడా నేను మంచి స్థితిలో అందుకోకపోయి ఉంటేనట. ఓటీపీ సాక్షిగా నేను అందుకున్నాను కదా!

ఎదురింటి ఆడిటరు గారు మాత్రం ధైర్యం చెప్పారు. 1962 కస్టమ్స్ చట్టం, 74వ సెక్షన్ ప్రకారం సరుకును తిరిగి విదేశానికి పంపేస్తే కట్టిన సుంకంలో 98 శాతం వెనక్కి వస్తుందట. సుంకం వస్తువు ధర మీద మాత్రమే వేయరని కూడా అప్పుడే తెలిసింది. రవాణా ఖర్చు, బీమా కలిపి ఆ మొత్తం మీద వేస్తారు. అంటే గడియారాన్ని పగలగొట్టడానికి అయిన ఖర్చు మీద కూడా నేను పన్ను కట్టాను. తిరిగి పంపడానికి ఎంతవుతుందో కనుక్కున్నాను. ఆ డబ్బుతో ఇంకో గడియారం వస్తుంది. ఆడిటరు గారు సెక్షన్‌ను ఇంకోసారి వినిపించి, కాఫీ తాగి వెళ్ళారు.

ఇక మిగిలింది ఆ వెబ్‌సైటు వాళ్ళ వివాద పరిష్కార విభాగం. అక్కడ ప్రతి జవాబు కింద ఒక కొత్త పేరు ఉంటుంది. పైన మాత్రం మారని వాక్యం ఒకటి ఉంటుంది: ‘మీ నిరాశను మేము అర్థం చేసుకోగలము.’ పెట్టె ఆరు వైపులా ఫొటోలు అడిగారు, పంపాను. లేబులు అడిగారు, పంపాను. చివరికి, ఫొటోల్లో కనబడేది అందానికి సంబంధించిన నష్టమేననీ, గడియారం పని చేయడం లేదని రుజువు కావాలంటే వీడియో తీసి పంపాలనీ తేల్చారు. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు మొదలుపెట్టాలి. ఎక్కడా ఆపకూడదు. తలుపు స్పష్టంగా కనిపించాలి. శబ్దం స్పష్టంగా వినిపించాలి. చుట్టుపక్కల ఇతర శబ్దాలు ఉండకూడదు.

ఆఖరి షరతు రాసిన మనిషి గుంటూరు చూసి ఉండడు.

బ్రాడీపేటలో ఆరు దాటితే పాల బండ్లు. ఏడింటికి పక్కింటి మిక్సీ. తొమ్మిదింటికి ఆటోకు మైకు కట్టుకుని వంద రూపాయలకు ఇన్ని కిలోలని ఉల్లిపాయలవాడు. ఆ తర్వాత రాత్రి దాకా మోటారు సైకిళ్ళు, ఆ పైన పెళ్ళి బ్యాండు. అందరం కూర్చుని ఆలోచించి తెల్లవారుజామున ఐదు గంటలు ఖాయం చేశాం. గుడి మైకు ఐదున్నరకు గానీ లేవదు.

నాలుగున్నరకల్లా ఇల్లంతా లేచింది. నాన్నగారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. వీడియో విదేశాలకు వెళ్తుంది కదా! అమ్మ గడియారానికి బొట్టు పెట్టింది. వద్దంటే, “ఎంతైనా కొత్త వస్తువు” అంది. శబ్దం రాకూడదని ఫ్యాను ఆపేశాం. ఫ్రిజ్జు ప్లగ్గు పీకేశాం. గాలి ఆడక కిటికీ తెరిచాం. చైత్రమాసం, గుంటూరు, ఫ్యాను లేని గది. ఫోను పట్టుకున్న నా చేతి మీంచి చెమట మోచేతి దాకా కారుతోంది. మా ఆవిడ రెండో ఫోనులో సమయం చూపిస్తూ గడియారం పక్కన నిలబడింది. నాన్నగారు చేతి గడియారం కేసి చూస్తూ, బండి రాక కోసం చూసే మనిషి పద్ధతిలో ఒక కాలు ముందుకు వేసి నిలుచున్నారు.

ఐదు గంటలైంది.

గడియారం లోపల ఏదో కిర్రుమంది. పళ్ళ చక్రం ఒకటి తిరిగినట్టుంది. బతికి ఉన్న తిత్తి ‘ఉస్సు’మని నిట్టూర్చింది. తలుపు ఒక్కసారి వణికి ఆగిపోయింది. ముక్కు లేని పిట్ట లోపలే ఉండిపోయింది. సాక్ష్యం అంటే ఇదీ అని నేను లోలోపల పొంగిపోతున్నాను.

అప్పుడు, ‘కూ’ అని వినిపించింది.

నలుగురం తలుపు కేసి చూశాం. తలుపు మూసే ఉంది. మళ్ళీ ‘కూఊ’. కిటికీ పక్కనే వేపచెట్టు ఉంది. పూత మీద ఉంది. దాని మీద ఒక కోయిల ఉంది. చైత్రంలో వేపచెట్టు మీద కోయిల కూయడాన్ని తప్పు పట్టిన కవి మన భాషలో ఒక్కడూ లేడు. ఆ పని నాతోనే మొదలు.

ఇంతలో నాన్నగారు అలవాటు కొద్దీ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. “ఒకటి... రెండు... మూడు...” ఆపమని సైగ చేద్దామంటే రెండు చేతులూ ఫోను మీద ఉన్నాయి. కనుబొమలతో చేసిన సైగలు ఆయనకు చేరలేదు. కోయిల కూత కూతకూ స్వరం పెంచుకుంటూ పోతోంది. నాన్నగారూ పెంచుకుంటూ పోయారు. ఐదు దగ్గర ఆగుతుందేమోనని నాలో చిన్న ఆశ. ఆగితే అది ఇంకా ప్రమాదమన్న సంగతి అప్పుడు తోచలేదు. ఏడు దాకా వెళ్ళి ఆగింది. గది నిశ్శబ్దమైంది. నాన్నగారు చేతి గడియారం చూసుకుని, ముఖం గంభీరంగా పెట్టి, “ఐదు గంటలకు ఏడా?” అన్నారు.

మా ఆవిడ పగలబడి నవ్వింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. వీడియో అక్కడితో ముగిసింది.

ఇంకోటి తీయడానికి వీల్లేదు. రుజువు అప్‌లోడ్ చేసే గడువు ఆ ఉదయం ఆరింటితో సరి. గడువుకు వాళ్ళు పెట్టుకున్న కాలమానం ఏ దేశానిదో ఆ దేవుడికే తెలియాలి. అయినా తలుపు తెరుచుకోలేదు, పిట్ట రాలేదు. కళ్ళున్న వాళ్ళెవరికైనా అది కనిపిస్తుంది. పంపించాను.

జవాబు చక్కటి భాషలోనే వచ్చింది. ‘మీ నిరాశను మేము అర్థం చేసుకోగలము. వీడియోను పరిశీలించాము. పక్షి స్వరం స్పష్టంగాను, మధురంగాను ఉన్నది. కుటుంబ సభ్యులు ఆనందంగా ఉన్నారు. అయితే కూతల సంఖ్య గంటలతో సరిపోవడం లేదని గమనించాము. మీ ఇంటి పెద్దలు కూడా దీనిని గుర్తించారు. ప్రయాణం తర్వాత ఇది సహజమే. జతపరచిన పుటలో చూపిన విధంగా లోపలి తీగను పైకెత్తి సంఖ్యను సరిచేసుకోగలరు. ఫిర్యాదు ముగించడమైనది.’ కింద ఐదు నక్షత్రాలు. ఎన్ని ఇస్తారో నొక్కమని.

ఆ రాత్రి కూర్చుని పక్షిశాస్త్రం రాశాను. అయ్యా, మీ గడియారం అనుకరించేది ఐరోపా కోకిలను. దానికి రెండు స్వరాలు, రెండోది కిందికి దిగుతుంది. మా కోయిల వేరే పక్షి. దాని కూత పైకి ఎక్కుతుంది. వీడియోలో ఎక్కింది, వినండి. కూసింది మగది, ఆడదానికి ఆ పాట రాదు. పైగా ఇది గుడ్లు కాకి గూట్లో పెట్టి, పెంపకం దానికి అప్పగించి పోయే జాతి. ఇంకొకరి గడియారంలో తన పాట పెట్టిపోవడం దీనికి ఒక లెక్కా? ఈ చివరి వాక్యం మా ఆవిడ కొట్టేయమంది. కొట్టేసి ఉంటే కడుపు ఉబ్బి పోయేవాడిని.

దానికి ఇంకో కొత్త పేరు జవాబిచ్చింది: ‘మీ రెండవ పక్షి మా వేదిక ద్వారా కొనుగోలు చేసినది కానందున దాని విషయంలో సహాయం చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.’

చివరికి కరిగింది ఆ దుకాణం పెద్దాయనే. మా వీడియో ఆయనకు తెగ నచ్చిందట. ఇంట్లో వాళ్ళందరికీ చూపించాడట. నాన్నగారి లెక్క దగ్గర ఆపి ఆపి చూశారట. డబ్బు సంగతి ఎత్తలేదు గానీ కొత్త పిట్టను, తిత్తిని ఉచితంగా పోస్టులో పంపాడు. ఎవరో ఇక్కడి మరమ్మతు చేసేవాడు బిగిస్తాడని ఆయన నమ్మకం. మంచి మనిషే, కాదనను. కానీ పార్సిలు మీద లోపల ఏముందో రాసే చోట తన చేత్తో ‘పక్షి, 1’ అని మాత్రం రాసి ఊరుకున్నాడు.

నిన్న ఫోనుకు సందేశం వచ్చింది. పార్సిలు ఆపి ఉంచారు. విదేశాల నుంచి పక్షులను తెప్పించుకోవడానికి అనుమతి పత్రం జతచేయాలట. అది లేకపోతే వివరణ ఇవ్వాలట. ఫారం తెరిచాను. రెండే గళ్ళున్నాయి: సజీవం, నిర్జీవం. నాన్నగారు పక్కనుంచి, “సజీవం అని పెట్టు, త్వరగా పంపుతారు” అన్నారు. నేను వినకుండా నిర్జీవం నొక్కాను.

కింద ఇంకో గడి తెరుచుకుంది. మరణ కారణం రాయమంటోంది.