పాదం దొరికింది కానీ...
ఒక్క లాటిన్ ధాతువు పట్టుకుంటే ఇరవై ఇంగ్లీషు మాటలు వాటంతట అవే వచ్చేస్తాయన్న మాట సగమే నిజం అనిపించింది. మా అమ్మాయికి ఈ పద్ధతిలోనే నేర్పాను. లాటిన్‌లో ‘పెస్’, ‘పెడిస్’ అంటే పాదం. పెడల్, పెడెస్ట్రియన్, పెడిక్యూర్ ఐదు నిమిషాల్లో అర్థం చేసుకుంది. సెంటిపీడ్ అంటే మన శతపాదే కదా నాన్నా, జెర్రి, అని తనే అంది. మన పాదం, వాళ్ల పెడిస్ ఒకే పాత మూలం నుంచి వచ్చినవే కాబట్టి తెలుగు పిల్లలకు ఇది ఇంకా తేలిక. ‘ఇంపీడ్’ అంటే అడ్డుకోవడం, అసలు అర్థం కాళ్లకు సంకెళ్లు వేయడం. ‘ఎక్స్‌పిడైట్’ అంటే వాటిని విప్పేసి పని త్వరగా కానివ్వడం. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత వారం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులో వెళ్తుంటే ఒక ఆసుపత్రి బోర్డు మీద పీడియాట్రిక్స్ అని చూసి, ‘ఇక్కడ పాదాలకు వైద్యం చేస్తారా?’ అని గట్టిగా అడిగింది. పక్క సీటాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. పీడియాట్రిక్స్ అంటే పిల్లల వైద్యం; అది లాటిన్ కాదు, పిల్లలు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. అమెరికా స్పెల్లింగ్‌లో పాదం, పిల్లలు రెండూ ‘ped’ గానే కనిపిస్తాయి, బ్రిటిష్ వాళ్లు మాత్రం పిల్లల మాటలో ఒక ‘a’ ఉంచుకున్నారు (paediatrics). పెడిగ్రీలో, అంటే వంశావళి అనే మాటలో, మళ్లీ పాదమే ఉంది, కానీ కొంగ పాదం! వంశవృక్షంలో గీసే గీతలు పాత ఫ్రెంచి వాళ్లకు అలా కనిపించాయట. ఇది ధాతువు తెలిసినంత మాత్రాన ఎవరికి తడుతుంది? మా ఇంట్లో ఇప్పుడు ముందు ఊహించడం, తర్వాత డిక్షనరీ తెరవడం.