ఆ అమ్మాయి చేతులెందుకు అంతసేపు కడుక్కుంటోంది?

సింకు దగ్గర నిలబడి ఒక అమ్మాయి చేతులు కడుక్కుంటూ ఉంటుంది. మురికేమీ లేదు. అయినా సబ్బు రాసి రుద్దుతుంది, కడుగుతుంది, మళ్ళీ రుద్దుతుంది. చర్మం ఎర్రగా కందిపోతుంది. టీవీలో ఆ సీను వస్తుంటే మా అమ్మాయి నా వైపు తిరిగి, “అమ్మా, ఈ అమ్మాయి నీకు బాగా నచ్చుతుందనుకున్నాను. బాగా చదువుతుంది కదా” అంది.

ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా అనుకుంది. ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

మేం చూస్తున్నది ‘ట్రూ బ్యూటీ’ అనే కొరియన్ సీరియల్. 2020 డిసెంబరు నుంచి 2021 ఫిబ్రవరి దాకా అక్కడి టీవీఎన్ ఛానల్లో వచ్చింది, మొత్తం 16 ఎపిసోడ్లు. కొరియన్‌లో దాని పేరు ‘యోసిన్ గాంగ్నిమ్’, దేవత దిగివచ్చింది అని అర్థం. 2018లో నేవర్ అనే కొరియన్ ఇంటర్నెట్ కంపెనీ సైట్లో వెబ్‌టూన్‌గా, అంటే ఫోన్లో వేలితో జరుపుకుంటూ చదివే బొమ్మల కథగా మొదలై, బాగా పేరొచ్చాక సీరియల్ అయింది. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘంలో హైస్కూలు చదివే ఆడపిల్లల్లో దీన్ని చూడనివాళ్ళు నాకు తెలిసి తక్కువ. మా అమ్మాయి అప్పటికే రెండుసార్లు చూసేసింది. మూడోసారి నా కోసం కూర్చుంది, ఒక్కటే షరతు మీద: మధ్యలో ఫోన్ ముట్టుకోకూడదు.

పిల్లలకి తెలిసిన కథే, పెద్దవాళ్ళ కోసం చెప్తాను. జూ-గ్యోంగ్ అనే అమ్మాయికి మొహం నిండా మొటిమలు, కళ్ళకి లావుపాటి అద్దాలు. పాత స్కూల్లో తోటిపిల్లలు ఆమెని ఏడిపించుకు తింటారు. క్యాంటీనుకి పరుగెత్తించి రొట్టెలు తెప్పించుకుంటారు. అక్కడ ఇలాంటి చాకిరీ చేసే పిల్లలకి ‘ప్పాంగ్ షటిల్’ అని ఒక పేరే ఉంది, రొట్టెలు మోసే బండి అన్నట్టు. తండ్రి మోసపోయి డబ్బు పోగొట్టుకోవడంతో ఇల్లు మారుతుంది, ఇంటితోపాటు స్కూలూ మారుతుంది. ఈలోపు ఆ పిల్ల రాత్రింబవళ్ళు వీడియోలు చూసి మేకప్ నేర్చుకుంటుంది. కొత్త స్కూలు పేరు సేబోమ్, అంటే కొత్త వసంతం. అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచే అందరి నోటా ఆమె దేవత.

ఇక ఆ రోజు నుంచి పిల్లకి ప్రశాంతత లేదు. ఎవరైనా దగ్గరికొచ్చి మొహంలోకి చూస్తే టెన్షన్. పాత స్కూలువాళ్ళు ఎదురుపడతారేమోనని టెన్షన్. స్నేహితులు దొరికారు, కానీ వాళ్ళు ఇష్టపడుతున్నది తననా, తను పొద్దున్నే గంటసేపు కూర్చుని దిద్దుకున్న మొహాన్నా అని లోపల ఒకటే పీకులాట. ఆ మొహం లేకుండా ఆమెని చూసిన వాడు సూ-హో. మేకప్ లేకుండా, కళ్ళద్దాలతో, కామిక్స్ అద్దెకిచ్చే షాపులో దయ్యాల కథలు చదువుకుంటున్నప్పుడు తగిలాడు. ప్రేమకథ అక్కణ్ణించి మొదలవుతుంది. దాని గురించి నేను ఎక్కువ చెప్పను, సూ-హోగా వేసిన చా ఉన్-వూ గురించి మీ పిల్లలు మీకు చాలినంత చెప్పే ఉంటారు.

నాకు చెప్పాలని ఉన్నది వేరే. పొద్దున ఆరింటికి మా ఇంట్లో బాత్రూము తలుపు కింద నుంచి వెలుతురు కనిపిస్తుంది. ఒకరోజు తలుపు సగం తీసే ఉంది. మా అమ్మాయి అద్దానికి బాగా దగ్గరగా జరిగి, గడ్డం మీద ఆవగింజంత మచ్చ మీద కన్సీలర్ పెట్టి, ఉంగరం వేలితో తట్టి తట్టి సర్దుతోంది. రుద్దకూడదట, తట్టాలట. ఆ వేలు కదిలే తీరులో ఎంత ఓర్పుందో! నేనేమన్నానో తెలుసా? “ఈ శ్రద్ధ చదువు మీద పెట్టకూడదూ?” అన్నాను. సీరియల్లో జూ-గ్యోంగ్ వాళ్ళమ్మ అచ్చం ఇదే రకం. ఆవిడ ఇంట్లోనే ఊళ్ళో ఆడవాళ్ళకి మొహాలు మెరిపించే పార్లర్ నడుపుకుంటూ, కూతురు అద్దం ముందు కనిపిస్తే మాత్రం మార్కులేవని అరుస్తుంది. జాంగ్ హే-జిన్ ఆ పాత్రని ఎంత బాగా చేసిందంటే, ఆవిడ అరిచినప్పుడల్లా నాకు నా గొంతే వినిపించింది.

ఇప్పుడు చేతులు కడుక్కునే అమ్మాయి దగ్గరికొస్తాను. పేరు సూ-జిన్, జూ-గ్యోంగ్‌కి కొత్త స్కూల్లో దొరికిన స్నేహితురాలు. అందగత్తె, తెలివైనది, ఎవరికీ భయపడదు. పార్టీల్లో మనం “ఎంత బుద్ధిమంతురాలో!” అని చూపించే పిల్ల. ఇంటికెళ్తే తండ్రి ర్యాంకు తగ్గిందని చెంప మీద కొడతాడు. మర్నాడు ఆ పిల్ల ఏమీ జరగనట్టు స్కూలుకొస్తుంది. లోపల ఉన్నదంతా ఆ సింకు దగ్గర, ఆ సబ్బు నురగలో మాత్రమే బయటపడుతుంది.

కొరియాలో ఆ భయం ఎక్కణ్ణించి వస్తుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కాలేజీ ప్రవేశం కోసం ఏటా నవంబరులో జరిగే సునుంగ్ పరీక్ష రోజున అక్కడ ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు. ఇంగ్లిషు వినికిడి పరీక్ష జరిగే ఆ కాసేపు పిల్లలకి చప్పుడు వినపడకూడదని విమానాలు ఎగరనివ్వరు, దిగనివ్వరు. స్కూలు అయ్యాక హాగ్వాన్ అనే ట్యూషన్ సెంటర్లలో రాత్రి దాకా చదువు. ఇది చదివి ‘అబ్బో’ అనుకునే హక్కు మనకి లేదు. మనలో ఎంతమందిమి హాస్టల్లో తెల్లవారుజామున స్టడీ అవర్‌కి లేచినవాళ్ళం, ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్ మొదటి పేజీలో ర్యాంకర్ల ఫొటోలు చూసి ఆ పేపర్ మడతపెట్టి దాచేసినవాళ్ళం!

ఒక పిల్ల మొటిమలు దాచుకోవడానికి మేకప్ వేసుకుంటుంది. ఇంకో పిల్ల భయం దాచుకోవడానికి ర్యాంకు వేసుకుంటుంది. సీరియల్ ఈ ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టింది. మొదటి పిల్లని మనం తిడతాం, రెండో పిల్లకి స్టేజి మీద శాలువా కప్పుతాం. ఆ శాలువా కింద చేతులు ఎలా ఉన్నాయో చూసినవాళ్ళెవరు? సూ-జిన్ చివరికి స్నేహితురాలికి ద్రోహం చేస్తుంది. పాత స్కూల్లో జూ-గ్యోంగ్‌ని ఏడిపించిన వీడియో కొత్త స్కూలంతా చూసేలా చేస్తుంది. ఆ పని తప్పు, ఘోరమైన తప్పు. అసూయ అంటారు అందరూ. నాకైతే అది అసూయకన్నా ముందు ఆకలిలా కనిపించింది. సూ-హో తన చిన్ననాటి నేస్తం, తన ఇంట్లో సంగతి తెలిసిన ఒకే ఒక్కడు. వాడు కూడా పోతే ఇక ర్యాంకు లేకుండా తనని చూసేవాళ్ళే లేరని ఆ పిల్ల భయం. తెర మీద సూ-జిన్‌గా వేసిన పార్క్ యూ-నా మొహం చూస్తే అది తెలుస్తుంది.

అందుకే మన సంఘానికి ఒక మాట సూటిగా చెప్పాలనుకుంటున్నాను. మన ఉగాది సంచికలో ఏటా గ్రాడ్యుయేట్ల పేజీ వేస్తాం. ఫొటో కింద పేరు, పేరు కింద స్కోరు, స్కోరు కింద కాలేజీ. రెండేళ్ళ క్రితం ఒక అబ్బాయి ఫొటో ఆ పేజీలో లేదు. ఏమైందని వాళ్ళమ్మని అడిగితే, “కమ్యూనిటీ కాలేజీకి వెళ్తున్నాడండీ, వేయించుకోవడం వాడికి ఇష్టం లేదు” అంది నెమ్మదిగా. కమ్యూనిటీ కాలేజీ అంటే ఇక్కడ స్కోర్లు చూడకుండా అందరినీ చేర్చుకునే ఊరి కాలేజీ. ఆ అబ్బాయి పన్నెండేళ్ళు మన బాలభవన్‌లో పద్యాలు నేర్చుకున్నాడు. దసరా నాటకాలకి సెట్లు వేశాడు, కుర్చీలు సర్దాడు. మన పేజీలో వాడికి చోటు లేకుండా చేసింది మనమే. ఈ ఏడు నుంచి ఆ పేజీలో స్కోర్లూ కాలేజీ పేర్లూ తీసేద్దాం. పిల్లలు తమ గురించి తామే రెండు వాక్యాలు రాసుకుంటారు, అవి వేద్దాం. కమిటీలో ఈ మాట అన్నాను, మళ్ళీ అంటాను.

సీరియల్ మీద నాకు కోపం కూడా ఉంది. జూ-గ్యోంగ్‌ని అందం లేని పిల్లగా చూపించడానికి వాళ్ళు మొటిమలూ కళ్ళద్దాలతో ఆగలేదు. మొహం రంగు కూడా తగ్గించారు. మేకప్ వేసుకున్నాక తెల్లబడుతుంది, దేవత అవుతుంది. ఆ పాత్ర వేసిన మూన్ గా-యంగ్ ఎలాగూ అందగత్తె, ఆ మచ్చలు కడిగేస్తే పోతాయి. చూస్తున్న చామనఛాయ పిల్ల మొహం కడుక్కుంటే రంగు పోతుందా? నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన చుట్టాలు “పిల్ల కళగా ఉంది గానీ రంగు తక్కువ” అనేవాళ్ళు, నేను అక్కడే కూర్చుని ఉండగా. శనగపిండి, మీగడ, పసుపు, ఆ తర్వాత ట్యూబుల్లో వచ్చే క్రీము. 2013లో మన విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచినప్పుడు ఇక్కడ కొందరు ఆ అమ్మాయి రంగు చూసి విషం కక్కారు. అదే వారం మనవాళ్ళు చాలామంది ఇంకో నిజం ఒప్పుకున్నారు, ఇదే అమ్మాయి మన దేశంలో పోటీకి వస్తే ఈ రంగుతో నెగ్గేది కాదని. కొరియా మీద నా కోపం సగం మా ఇంటి మీద కోపమే.

అయితే ఆ దేశం ఈ విషయంలో ఊరికే కూర్చోలేదు. అక్కడ ఉద్యోగం దరఖాస్తు మీద ఫొటో అంటించడం చాలాకాలంగా ఉన్న అలవాటు. 2017లో ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకి ఆ ఫొటో అక్కర్లేదని తీసేశారు. 2018లో చాలామంది కొరియన్ అమ్మాయిలు తమ మేకప్ సామాను విరగ్గొట్టి, జుట్టు కత్తిరించుకుని ఆ ఫొటోలు నలుగురికీ చూపించారు. జూ-గ్యోంగ్ కథ టీవీలోకి వచ్చింది ఆ రెండేళ్ళకే.

ఒక చిన్న సంగతి. మా బాలభవన్‌లో పిల్లలతో ‘అక్కా’ అనిపించడానికి నేను ఎంత తంటాలు పడ్డానో! ఇప్పుడు అదే పిల్లలు వయసులో పెద్ద అమ్మాయిని సరదాగా ‘ఉన్నీ’ అని పిలుచుకుంటున్నారు. అమ్మాయిలు అక్కని పిలిచే కొరియన్ మాట అది. అమ్మని వాళ్ళు ‘ఓమ్మా’ అంటారు. చెప్పులు గుమ్మం దగ్గర విప్పడం, పెద్దవాళ్ళు ముద్ద పెట్టుకునేదాకా ఆగడం, ఇవన్నీ తెర మీద చూసి “మనలాగే” అంటారు మా పిల్లలు. మూన్ గా-యంగ్ పుట్టింది జర్మనీలో, పదేళ్ళు అక్కడే పెరిగి కొరియా వెళ్ళింది. ఆ సంగతి తెలిసినప్పుడు మా అమ్మాయి కళ్ళు మెరిశాయి.

స్నేహం గురించి చెప్పకుండా ముగించలేను. కథలో సే-యోన్ అనే అబ్బాయి ఉంటాడు, నిజానికి ఉండడు, అప్పటికే చనిపోయాడు. సూ-హో, సో-జున్, సే-యోన్ ముగ్గురూ ప్రాణస్నేహితులు. పాటలు పాడే సే-యోన్ మీద ఆన్‌లైన్‌లో నింద పడింది. తట్టుకోలేకపోయాడు. చివరిసారి చేసిన ఫోన్‌ని సూ-హో ఎత్తలేదు. ఆ ఒక్క ఫోన్ కోసం సో-జున్ సూ-హోని క్షమించడు, సూ-హో తనని తాను క్షమించుకోడు. పెద్దవాళ్ళకి ఇది ఉపకథ. మా అమ్మాయి మాత్రం ఆ సీన్లలో చున్నీ కొస నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఆ వయసు పిల్లలకి ఫోన్ ఎత్తడం, ఎత్తకపోవడం ఎంత పెద్ద విషయమో నాకు అప్పుడు అర్థమైంది. అర్ధరాత్రి దాకా ఎవరితో ఆ మెసేజ్‌లు అని విసుక్కునేదాన్ని. ఆమె స్నేహితురాలు ఒకమ్మాయికి ఆ నెల ఇంట్లో బాగాలేదట. నాకు చెప్పలేదు. చెబితే నేను ముందు ఆ అమ్మాయి గ్రేడ్లు అడుగుతానని అనుకుంది.

వీడియో బయటపడ్డాక జూ-గ్యోంగ్ కొన్నాళ్ళు గదిలోంచి బయటికి రాదు. తర్వాత ఒకరోజు మేకప్ లేకుండా, అందరూ చూస్తుండగా స్కూలుకి నడిచి వెళ్తుంది. బ్రష్షులు మాత్రం పారేయదు. చివరికి మేకప్ వేయడమే పనిగా పెట్టుకుంటుంది, ఇష్టంగా. వాళ్ళమ్మ అరిచిన శ్రద్ధ అదే, ఉంగరం వేలితో తట్టే ఆ ఓర్పే.

పదహారో ఎపిసోడ్ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. టీవీ ఆపాను. చీకట్లోంచి మా అమ్మాయి అడిగింది, “అమ్మా, నీ ఎంసెట్ ర్యాంకు ఎంత?”

ఆ అంకె నేను పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయనకి కూడా సరిగ్గా చెప్పలేదు. ఇరవై ఏడు వేల పైచిలుకు. చెప్పాను. ఫలితాలు వచ్చాక మా నాన్నగారు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదనీ చెప్పాను.

“నాలుగు రోజులా? మరి అన్నం తినేటప్పుడు?”

“అమ్మ పెరట్లోకి తెచ్చిపెట్టేది.”

తను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కప్పుకున్న దుప్పట్లో సగం లాగి నా కాళ్ళ మీద కప్పింది.