రూసోతో వాదించనివ్వండి

పిల్లలకు చదువు ఎలా చెప్పాలని జీవితమంతా ఆలోచించిన వాళ్లను మన బీఈడీ కాలేజీల్లో తలా అర పేజీకి కుదించేశాం. తిరుపతిలో బీఈడీ చదువుతున్న మా అన్నయ్య కూతురి నోట్సు చూశాక ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. రూసో అంటే ప్రకృతివాదం, డ్యూయీ అంటే వ్యవహారికసత్తావాదం, గాంధీజీ అంటే నయీ తాలీం (చేతిపని ద్వారా చదువు), 1937, వార్ధా. టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీలో జతపరచమంటే మార్కులు వస్తాయి. ఆ పిల్లలది తప్పనను. నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసేవాళ్లకు బిట్ల టెన్షన్ ఉంటుంది. పాఠం చెప్పే తీరు మాత్రం మారాలి.

తత్వవేత్త రూసో, ఎమిల్ అనే పిల్లవాడి పెంపకం గురించి 1762లో ‘ఎమిల్’ రాశాడు. పిల్లవాణ్ణి స్వేచ్ఛగా ఎదగనివ్వాలన్న మాట గైడులో ఉంటుంది. అదే పుస్తకం ఐదో భాగంలో సోఫీ అనే అమ్మాయి వస్తుంది. ఆమె చదువు మగవాణ్ణి సంతోషపెట్టడానికేనంటాడు రూసో. పలమనేరు నుంచో పుత్తూరు నుంచో వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయికి ఆ పేజీలు చదివితే కోపం రాదా? రావాలి. ఎమిల్‌కి ఇచ్చింది సోఫీకి ఎందుకివ్వలేదని ఆమె క్లాసులో లేచి అడిగిన రోజున రూసో ఆమెకు నిజంగా అర్థమైనట్టు.

అమెరికా తత్వవేత్త డ్యూయీ 1896లో చికాగోలో ఒక ప్రయోగ పాఠశాల పెట్టాడు. అక్కడి పిల్లలు అరగంట కూర్చుని పత్తిలోంచి గింజలు వేరు చేస్తే ఒక ఔన్సు దూది కూడా రాలేదు. నూలుబట్ట కన్నా ఉన్నిబట్ట ముందు ఎందుకు వాడుకలోకి వచ్చిందో వాళ్లకు చేతులతోనే తెలిసింది. దీన్ని తిరుపతి విద్యార్థికి బోర్డు మీద రాసి చెప్పడం దేనికి? పక్కనే శ్రీకాళహస్తి ఉంది. కలంకారీ చేసేవాళ్లు బట్టను పాలలో, కరక్కాయ రసంలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి, కసిమి అనే ఆ ద్రవంతో గీత గీస్తారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి గీత నల్లబడుతుంది. ఎర్రరంగు పట్టడానికి పటిక రాస్తారు. ఎనిమిదో తరగతి రసాయనశాస్త్రం ఎంతో అందులోనే ఉంది. చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న గాంధీజీ మాట ఆచరణలో ఎలా ఉంటుందో, ఎక్కడ కుదరదో, అక్కడ ఒక పాఠం చెప్పి చూస్తే తెలుస్తుంది.

ఇక తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి మనవాడే. 1895లో మదనపల్లెలో పుట్టాడు. పోలిక, పోటీ, భయం ఉన్నచోట తెలివి ఎదగదన్నాడు. ఆ మాట నోట్సులో రాసుకునే విద్యార్థి రూముకు వెళ్లే దారంతా ర్యాంకుల ఫ్లెక్సీలే. ఈ రెంటి మధ్య తను ఎటు నిలబడాలో ఆలోచించుకోవడానికి కాలేజీ ఎప్పుడైనా ఒక గంట ఇస్తుందా? మదనపల్లె దగ్గర ఆయన పెట్టిన రిషివ్యాలీ బడి డబ్బున్న పిల్లలకే అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఫీజు గురించిన ఆ మాటలో న్యాయం ఉంది. అయితే ఆ సంస్థే చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర, కార్డుల సాయంతో ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతి అక్కడ తయారైంది. ఏకోపాధ్యాయ పాఠశాలకు పోస్టింగు పడబోయే వాళ్లకు అంతకన్నా కావలసిందేముంది?

ప్రవాసంలో ఉన్న మన తెలుగు సంఘాలు సొంత ఊళ్ల బడులకు బెంచీలు, కంప్యూటర్లు పంపుతున్నాయి. పంపాలి కూడా. దాంతోపాటు బీఈడీ విద్యార్థులు కాళహస్తికి, మదనపల్లెకు వెళ్లి కొన్ని రోజులు ఉండి రావడానికి బస్సు ఖర్చు, భోజనాల ఖర్చు మనం పెట్టుకుందాం. ఇంకొక పని ఇక్కడ కూర్చునే చేయొచ్చు. రూసో, డ్యూయీ రాసినవాటిలోంచి పదేసి పేజీలు ఎంచి, చదివితే అర్థమయ్యే తెలుగులోకి తెద్దాం. సోఫీ గురించిన పేజీలతో మొదలుపెడదాం. అనువాదం నేను చేస్తాను. సరిచూడటానికి, అక్కడి క్లాసు గదిలో పనికొస్తుందో లేదో చెప్పడానికి, మనలో టీచర్లుగా పనిచేసి వచ్చినవాళ్లు ముందుకు రావాలి.