గర్ల్‌స్కూల్ ఎవరి చేతి బొమ్మా కాదు: ఒక ప్రచారానికి ఖండన

గర్ల్‌స్కూల్ అనే బ్రిటిష్ రాక్ బృందం ప్రస్తావన వచ్చినప్పుడల్లా రాక్ అభిమానుల మధ్య ఒక కథనం చెలామణి అవుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: గర్ల్‌స్కూల్ ప్రపంచంలోనే తొలి మహిళా రాక్ బృందం, దాన్ని తయారు చేసింది మోటార్‌హెడ్ అనే బ్రిటిష్ హెవీ మెటల్ బృందం నాయకుడు లెమ్మీ, ఆ అమ్మాయిల వాద్య నైపుణ్యం అంతంతమాత్రమే, మోటార్‌హెడ్‌తో కలిసి చేసిన ఒక్క పాటతోనే వారికి పేరు వచ్చింది, ఆ ఊపు తగ్గగానే, 1980ల మధ్యకల్లా, బృందం కనుమరుగైపోయింది. పొగడ్తతో మొదలై చులకనతో ముగిసే ఈ కథనంలో ఒక్క మాట కూడా పూర్తిగా నిలవదు. కొన్ని మాటలు తేదీలు చూస్తేనే కూలిపోతాయి, మరికొన్నింటికి రికార్డులు విని సమాధానం చెప్పవలసి ఉంటుంది.

ముందుగా పొగడ్త సంగతి. గర్ల్‌స్కూల్ తొలి మహిళా రాక్ బృందం కాదు. 1960ల మొదట్లోనే న్యూయార్క్‌లో గోల్డీ అండ్ ది జింజర్‌బ్రెడ్స్ ఉన్నారు. 1963లో లివర్‌పూల్‌లో మొదలైన లివర్‌బర్డ్స్ హాంబర్గ్ క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్నారు. ఫిలిప్పీన్స్ నుంచి అమెరికాకు వచ్చిన జూన్, జీన్ మిల్లింగ్టన్ అక్కాచెల్లెళ్ల ఫ్యానీ బృందం 1970లో ఆల్బమ్ విడుదల చేసింది. 1975లో లాస్ ఏంజెలెస్‌లో రన్అవేస్ మొదలైంది. లేని ఘనతను అంటగట్టడం వల్ల ముందు నడిచినవారికి అన్యాయం జరుగుతుంది, గర్ల్‌స్కూల్‌కు ఒరిగేదీ ఏమీ ఉండదు. వారి అసలు ఘనత వేరే చోట ఉంది.

ఇక అసలు ఆరోపణ: లెమ్మీ తయారు చేశారన్న మాట. దక్షిణ లండన్‌లోని వాండ్స్‌వర్త్‌లో కిమ్ మెకాలిఫ్, ఎనిడ్ విలియమ్స్ ఇరుగుపొరుగు పిల్లలు, ఒకే బడిలో చదువుకున్న స్నేహితురాళ్లు. కిమ్ రిథమ్ గిటార్, ఎనిడ్ బేస్ పట్టుకుని 1975లో పెయింటెడ్ లేడీ పేరుతో బృందం పెట్టి, పబ్బుల్లో ఇతరుల పాటలు వాయించడం మొదలుపెట్టారు. అందరూ అమ్మాయిలే ఎందుకన్న ప్రశ్నకు కిమ్ తర్వాతి కాలంలో చెప్పిన జవాబు చాలా సాదాసీదాగా ఉంటుంది: తమతో కలిసి వాయించడానికి ముందుకొచ్చే అబ్బాయిలు దొరకలేదట. అంటే ఇది ఏ మేనేజరో మార్కెట్టును లెక్కగట్టి కూర్చిన బృందం కాదు. బడి స్నేహం, ఆ వాడలో ఉన్న పరిస్థితి కలిసి ఇచ్చిన రూపం. రన్అవేస్ కూర్పు వెనుక నిర్మాత కిమ్ ఫౌలీ పాత్ర పెద్దదన్నది అందరికీ తెలిసిందే. ఆ చరిత్రనే తెచ్చి గర్ల్‌స్కూల్‌కు అతికించడం వల్ల ఈ అపోహ మరింత బలపడిందని నా అభిప్రాయం.

పెయింటెడ్ లేడీలో సభ్యులు మారుతూ వచ్చారు. తర్వాత అమెరికాలో గో-గోస్ బృందంతో ప్రసిద్ధురాలైన కాథీ వాలెంటైన్ కూడా కొంతకాలం అందులో గిటార్ వాయించారు. ఆమె స్వదేశానికి వెళ్లిపోయాక, 1978 వసంతంలో లీడ్ గిటార్‌కు కెల్లీ జాన్సన్, డ్రమ్స్‌కు డెనీస్ డుఫోర్ట్ వచ్చి చేరారు, బృందం పేరు గర్ల్‌స్కూల్‌గా మారింది. ఆ వెంటనే ఫ్రాన్స్, ఐర్లండ్‌లలో కచేరీలు చేశారు. సిటీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ ద్వారా ‘టేక్ ఇట్ ఆల్ అవే’ అన్న తొలి సింగిల్ (ఆల్బమ్‌లా కాక ఒక పాట కోసమే తెచ్చే రికార్డు) తెచ్చారు. మోటార్‌హెడ్ మేనేజర్ డగ్ స్మిత్ దృష్టి వీరి మీద పడింది, లెమ్మీ వచ్చి వీరి రిహార్సల్ చూశారు, 1979 వసంతంలో జరిగిన మోటార్‌హెడ్ పర్యటనలో ప్రధాన కచేరీకి ముందు వాయించే అవకాశం ఇచ్చారు. అప్పటికి కిమ్, ఎనిడ్ కలిసి వాయించడం మొదలై దాదాపు నాలుగేళ్లు గడిచింది. సొంత పేరు, సొంత పాటలు, సొంత రికార్డు ఉన్న బృందాన్ని ఒక పెద్ద బృందం తన పర్యటనకు పిలవడాన్ని అవకాశం ఇవ్వడం అంటారు, తయారు చేయడం అనరు. లెమ్మీ చేసిన మేలును గర్ల్‌స్కూల్ సభ్యులు ఎన్నడూ దాచలేదు. మగవాళ్లతో నిండిన హెవీ మెటల్ ప్రపంచంలో వీరిని సాటి వాద్యకారులుగా చూసిన తొలి ప్రముఖుల్లో ఆయన ఒకరు. ఆ గౌరవాన్ని ఆయనకు ఇవ్వవలసిందే. అయితే తలుపు తీసిన మనిషికి ఇల్లు కట్టిన పేరు కూడా ఇచ్చేస్తే, కట్టినవారి కష్టం లెక్కలోకి రాకుండా పోతుంది.

వాయించడం సరిగా రాదన్న మాట అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాన్ని పూర్వపక్షం చేయడానికి మోటార్‌హెడ్ రికార్డే చాలు. 1981 ఫిబ్రవరిలో రెండు బృందాలూ కలిసి హెడ్‌గర్ల్ అనే పేరుతో ‘సెయింట్ వాలెంటైన్స్ డే మాసకర్’ అనే ఈపీ (కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు) చేశాయి. మోటార్‌హెడ్ డ్రమ్మర్ ఫిల్ టేలర్ మెడకు దెబ్బ తగిలి వాయించలేని స్థితిలో ఉండటంతో, అందులోని మూడు పాటలకూ డ్రమ్స్ వాయించింది డెనీస్ డుఫోర్టే. మొదటి పాట బ్రిటిష్ గాయకుడు జానీ కిడ్ పాత పాట ‘ప్లీజ్ డోంట్ టచ్’. దాన్ని లెమ్మీ, కెల్లీ జాన్సన్ కలిసి పాడారు. రికార్డు రెండో వైపు ఏర్పాటు గమనించదగినది: అక్కడ గర్ల్‌స్కూల్ మోటార్‌హెడ్ పాట ‘బాంబర్’ను వాయించగా, మోటార్‌హెడ్ గర్ల్‌స్కూల్ పాట ‘ఎమర్జెన్సీ’ని వాయించింది. బ్రిటన్‌లో అత్యంత వేగంగా, అత్యంత మొరటుగా వాయించే బృందాల్లో ఒకటిగా పేరుపడిన మోటార్‌హెడ్ వీరి పాటను తీసుకుని పాడింది, ఆ పాటలో తన డ్రమ్మర్ కుర్చీలో వీరి డ్రమ్మర్‌ను కూర్చోబెట్టింది. నైపుణ్యం లేనివారికి ఆ కుర్చీ ఎవరూ ఇవ్వరు. ‘బాంబర్’ అసలు పాటలో ఫిల్ టేలర్ కొట్టిన వేగం ఎంతో తెలిసినవారు గర్ల్‌స్కూల్ వాయించిన ‘బాంబర్’ పక్కన పెట్టి వింటే, డెనీస్ ఎక్కడా వెనకబడలేదని వారికే అర్థమవుతుంది.

కెల్లీ జాన్సన్ గురించి కూడా చెప్పాలి. ఆమె గిటార్ వాద్యాన్ని లెమ్మీ ప్రఖ్యాత బ్రిటిష్ గిటారిస్టు జెఫ్ బెక్ స్థాయితో పోల్చారు. వేగం కోసం స్వరాలను కుప్పపోయడం ఆమె పద్ధతి కాదు. పాట ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో చూసి అక్కడ సోలోను మొదలుపెట్టడం, చిన్న వాక్యాల్లో దాన్ని నడిపించడం, పాట మళ్లీ అందుకునే సరికి తప్పుకోవడం ఆమె ఎంచుకున్న దారి. తొలి ఆల్బమ్‌లోని ‘రేస్ విత్ ది డెవిల్’ మరొకరి పాట అయినప్పటికీ, ఆ గిటార్ ఎవరిదో విన్నవారు మరచిపోరు.

‘ఆడ మోటార్‌హెడ్’ అన్న బిరుదు కూడా వినికిడి లోపం వల్ల పుట్టిందే. అప్పటి మోటార్‌హెడ్ ముగ్గురి బృందం, ఒక్కటే గిటార్. లెమ్మీ తన రికెన్‌బ్యాకర్ బేస్‌ను విపరీతమైన డిస్టార్షన్‌తో (ధ్వనిని గరగరలాడించే పద్ధతి), కార్డ్‌లు (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) వాయిస్తూ, దాదాపు రిథమ్ గిటార్‌లా వాడేవారు. గర్ల్‌స్కూల్ నలుగురి బృందం. ఇక్కడ రిథమ్ గిటార్ పని కిమ్ చేస్తుంటే ఎనిడ్ బేస్ తన కింది స్థాయిలోనే నిలబడి డ్రమ్స్‌తో ముడిపడి ఉంటుంది. పాటను ఒక్కరే మోయరు. కిమ్, ఎనిడ్, కెల్లీ ముగ్గురూ పాడతారు, పల్లవిలో గొంతులు కలుస్తాయి. ఆ పల్లవుల్లో పంక్ వేగంతోపాటు అంతకు ముందు తరం గ్లామ్ రాక్ పాటల తీయదనం కూడా వినిపిస్తుంది. పాటల్లో అధిక భాగం వారు రాసుకున్నవే. పైగా కాలక్రమం చూడండి. నిర్మాత విక్ మెయిల్‌తో గర్ల్‌స్కూల్ చేసిన తొలి ఆల్బమ్ ‘డెమోలిషన్’ 1980 జూన్‌లో వచ్చింది. అదే విక్ మెయిల్ మోటార్‌హెడ్‌కు ‘ఏస్ ఆఫ్ స్పేడ్స్’ చేసింది ఆ తర్వాత, అది విడుదలైంది నవంబరులో. ఎవరు ఎవరి ధ్వనిని అరువు తెచ్చుకున్నారన్న వాదనలోకి నేను దిగను. అయితే అన్నీ ఒకవైపు నుంచే ప్రవహించాయని చెప్పేవారు ఈ తేదీలకు జవాబు చెప్పాలి.

ఒక్క పాటతో వచ్చిన పేరన్న వాదనలో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. హెడ్‌గర్ల్ ఈపీ బ్రిటిష్ సింగిల్స్ చార్టులో 5వ స్థానానికి చేరింది, ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ టీవీ కార్యక్రమం ద్వారా లక్షల ఇళ్లలోకి వెళ్లింది. గర్ల్‌స్కూల్ సొంత సింగిల్ ఏదీ ఆ ఎత్తుకు వెళ్లలేదు. ‘హిట్ అండ్ రన్’ 32వ స్థానం దగ్గర ఆగింది. అయినప్పటికీ ఆ ఈపీకి ఎనిమిది నెలల ముందే ‘డెమోలిషన్’ ఆల్బమ్ చార్టులో 28వ స్థానం చేరిందన్న సంగతి, అదే 1981 వసంతంలో వచ్చిన రెండో ఆల్బమ్ ‘హిట్ అండ్ రన్’ మోటార్‌హెడ్ సాయం లేకుండానే ఆల్బమ్ చార్టులో 5వ స్థానం సాధించిందన్న సంగతి ఆ కథనంలో ఎక్కడా కనిపించవు. సింగిల్‌ను సరదాకు కొన్నవారు ఉండవచ్చు. పూర్తి ఆల్బమ్‌కు డబ్బు పెట్టేవారు బృందాన్ని నమ్మి కొంటారు. అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్‌లోని రీడింగ్ రాక్ సంగీత ఉత్సవంలో శుక్రవారం రాత్రి ప్రధాన బృందంగా వేదికెక్కింది గర్ల్‌స్కూలే. ఆ వేదిక మీద వారి పక్కన లెమ్మీ బృందం లేదు.

బృందం పతనానికి చెప్పే కారణాలు వింటే మరింత విచారం కలుగుతుంది: అమ్మాయిలు కాబట్టి గొడవలు పడి విడిపోయారట. నిజానికి వారిని అలసట దెబ్బతీసింది, వ్యాపారం దెబ్బతీసింది. మూడేళ్లపాటు దాదాపు విరామం లేకుండా పర్యటనలు చేశారు; ఒక కచేరీలో కిమ్ వేదిక మీదే విద్యుదాఘాతానికి గురై ప్రమాదపు అంచుదాకా వెళ్లారు. 1982లో ఎనిడ్ బృందం వదిలారు, గిల్ వెస్టన్ బేస్‌కు వచ్చారు. ఆ ఏడాది ఆల్బమ్ ‘స్క్రీమింగ్ బ్లూ మర్డర్’ 27వ స్థానం చేరింది. ఆ తర్వాత అమెరికా మార్కెట్టు మీద ఆశతో ధ్వనిని నున్నగా చేయాలన్న ప్రయత్నం మొదలైంది. స్లేడ్ అనే బ్రిటిష్ గ్లామ్ రాక్ బృందానికి చెందిన నాడీ హోల్డర్, జిమ్ లీ నిర్మించిన 1983 నాటి ‘ప్లే డర్టీ’లో గిటార్ల గరుకుదనం తగ్గింది, కీబోర్డులు పెరిగాయి, అది 66వ స్థానంతో సరిపెట్టుకుంది. ఈ మలుపు తప్పేనని నేను భావిస్తాను, కానీ ఆ తప్పు వీరొక్కరిదే కాదు. ఆ రెండు మూడేళ్లలో ఎన్నో బ్రిటిష్ మెటల్ బృందాలు అదే ఆశతో అదే దారి పట్టాయి. 1984లో కెల్లీ వెళ్లిపోయారు. పాడటానికి జాకీ బోడిమీడ్, గిటార్‌కు క్రిస్ బొనాచీ వచ్చారు, బృందం ఐదుగురిదైంది, కొత్త ఆల్బమ్ అమెరికా కోసమే తయారైంది, అక్కడా ఆడలేదు. ఇందులో ‘ఆడవాళ్ల గొడవ’ అని పేరు పెట్టదగినది ఏమీ లేదు. మగవాళ్ల బృందంలో సభ్యులు మారితే కళాత్మక విభేదాలు అని రాసే చేతులు, ఇక్కడ మాత్రం జుట్టూ జుట్టూ పట్టుకోవడాన్ని ఊహించుకుంటాయి.

కనుమరుగైపోయారన్న చివరి మాటకు వారి పనే జవాబు. ఊపు తగ్గిందన్న 1986లో నలుగురి రూపానికి తిరిగి వచ్చి విక్ మెయిల్‌తోనే మళ్లీ ఆల్బమ్ చేశారు, 1988లో ఇంకొకటి తెచ్చారు, 1989లో ప్రఖ్యాత హెవీ మెటల్ బృందం బ్లాక్ సబ్బత్‌తో కలిసి సోవియట్ యూనియన్‌లో వాయించారు. అక్కడ విరామం వచ్చింది. 1992లో మళ్లీ కలిశారు. 1990ల్లో కెల్లీ జాన్సన్ తిరిగి వచ్చి కొన్నేళ్లు వాయించారు, ఆ తర్వాత జాకీ చాంబర్స్ లీడ్ గిటార్ అందుకున్నారు, ఎనిడ్ విలియమ్స్ కూడా చాలా ఏళ్లపాటు తన పాత స్థానానికి తిరిగొచ్చారు. కెల్లీ వెన్నెముక క్యాన్సర్‌తో 2007 జులైలో మరణించారు. మరుసటి ఏడాది బృందం ముప్పై ఏళ్ల సందర్భంగా తెచ్చిన ‘లెగసీ’ ఆల్బమ్‌లో లెమ్మీ, బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ, మెటల్ గాయకుడు రానీ జేమ్స్ డియో అతిథులుగా పాల్గొన్నారు. ఆ కథనం రాసేవారు ఈ వరసను ఒకసారి గమనించాలి: 1979లో వీరు లెమ్మీ పర్యటనలో ముందు వాయించినవారు, 2008లో లెమ్మీ వీరి ఆల్బమ్‌కు అతిథి.

2015 డిసెంబరులో మోటార్‌హెడ్ చివరిసారి యూరప్ పర్యటన చేసినప్పుడు కూడా ముందు వాయించిన బృందాల్లో గర్ల్‌స్కూల్ ఉంది. అదే నెల 28న లెమ్మీ కన్నుమూశారు, మోటార్‌హెడ్ అక్కడితో ముగిసింది. గర్ల్‌స్కూల్ ముగియలేదు. 2023లో వారి కొత్త ఆల్బమ్ వచ్చింది. దానిలో రిథమ్ గిటార్ వాయిస్తూ పాడింది వాండ్స్‌వర్త్ బడి పిల్ల కిమ్ మెకాలిఫ్, డ్రమ్స్ వాయించింది డెనీస్ డుఫోర్ట్.