ఐరన్ మాత్రలు మానేయడం అవగాహన లేకేనా?
మాత్రలు ఉచితంగా ఇస్తున్నా గర్భిణులు వేసుకోవడం లేదనీ, దానికి అవగాహన లేకపోవడమే కారణమనీ రక్తహీనతపై మీ వ్యాసంలో రాశారు. సగమే నిజం. రక్తహీనత ఎంత ఉందో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది: 15-49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కానీ మాత్ర వేసుకున్నాక ఒంట్లో ఏమవుతుందో కూడా రాయాలి కదా. మా చెల్లెలికి నాలుగో నెలలో మొదలుపెట్టారు. వేసుకున్న గంటకల్లా కడుపులో తిప్పడం, మలబద్ధకం, విరేచనం నల్లగా రావడం. లోపల రక్తం పోతోందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఐరన్ వల్ల అలా నల్లగా రావడం మామూలేనని మాత్రలు చేతిలో పెట్టినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. పైగా వాళ్ల అత్తగారు వేడివేడి టీ ఇచ్చి దాంతోనే మింగమనేవారు. టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే, రెండింటికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. చివరికి మా పిన్ని (ఆవిడ నర్సు) రాత్రి అన్నం తిన్న కాసేపటికి నిమ్మరసంతో వేసుకోమంటే అప్పుడు తట్టుకోగలిగింది. ఇంకోటి, బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు బిగించకుండా కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలోగా తాడు ద్వారా బిడ్డకు చేరే ఆ కాస్త రక్తంతో ఐరన్ నిల్వలు పెరుగుతాయి. పసిపిల్లల రక్తహీనత గురించి అంత రాసి దీన్ని వదిలేశారెందుకో. గర్భిణులు 180 రోజులు రోజూ మింగాల్సిన మాత్ర ఇది. మధ్యలో ఆపేసినవాళ్లను ఎందుకు ఆపేశావమ్మా అని అడిగి, ఆ జవాబులతో ఇంకో వ్యాసం వేయండి.