‘నరం’ అంటే ఏ నరం?

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి ఏడాది పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచే వస్తారు. వాళ్లకు శరీర భాగాల పేర్లు ఏ మాటల్లో నేర్పాలన్నదే ఇక్కడి తగవు. ఒకరు జంతుశాస్త్రం తెలుగులో బోధించి రిటైరైన లెక్చరర్, రెండోవారు నర్సింగ్ ట్యూటర్. నా మొగ్గు ట్యూటర్ వైపే, దాచను. అయినా మాష్టారు ఊరికే ఓడిపోయే మనిషి కాదు.

లెక్చరర్: ధమని, సిర, గుండె పైగది కర్ణిక, కింది గది జఠరిక అని ఇంటర్ దాకా చదివిన పిల్ల, మీ క్లాసులో కూర్చోగానే అవన్నీ గంగలో కలిపేయాలా అమ్మా? ధమని అన్న మాట చేసిన పాపమేంటి?

ట్యూటర్: పాపమేం లేదు మాష్టారూ, వార్డులో దానికి పని లేదంతే. కేస్‌షీట్‌లో డాక్టరు గారు ఫిమొరల్ ఆర్టరీ అని రాస్తారు, అంటే తొడలోని ధమని. రోగి నరం అంటాడు. మధ్యలో మీ ధమనిని పలికే నాథుడు లేడు.

లెక్చరర్: పలికించాల్సింది మీరే కదా!

ట్యూటర్: ముందు ఆ ‘నరం’ సంగతి చూడండి. ‘నరం దొరకట్లేదు’ అని సిస్టర్ అంటే అది వెయిన్, మీ సిర. ‘పిక్కలో నరం పట్టేసింది’ అంటే కండరం. మడమ వెనక ‘నరం తెగింది’ అంటే టెండన్, కండరాన్ని ఎముకకు కట్టే తాడు. నరాల డాక్టరు చూసేది నర్వ్. మోచేతి మడతలో వీటిలో మూడు, వాటితో పాటు ఒక ఆర్టరీ, బొటనవేలంత చోటులో పక్కపక్కనే ఉంటాయి. టార్నికెట్, అదే చేతికి బిగించే పట్టీ, నాలుగు వేళ్లు పైన కట్టి, చూపుడువేలు పెట్టి నొక్కి చూడాలి. మెత్తగా దిగి మళ్లీ పైకి లేస్తే వెయిన్. తాడులా గట్టిగా తగిలితే బైసెప్స్ టెండన్. కొట్టుకుంటుంటే బ్రేకియల్ ఆర్టరీ. దాని పక్కనే, చిటికెనవేలి వైపు మీడియన్ నర్వ్ ఉంటుంది, అది వేలికి తెలియదు. సూది గుచ్చగానే వేళ్లదాకా కరెంటు కొట్టినట్టుందని రోగి అంటే నర్వ్‌కి తగిలిందన్నమాట, వెంటనే తీసేయాలి. ఎర్రటి రక్తం తన్నుకుంటూ వస్తే ఆర్టరీ. టార్నికెట్ విప్పి, సూది తీసి, కనీసం అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇంకాసేపు. అప్పుడు ఆ పిల్ల డ్యూటీ డాక్టరుకి ఫోన్‌లో ఏమని చెప్పాలి? నరానికి తగిలిందనా?

లెక్చరర్: మీ వాదన నాకే పనికొస్తోందమ్మా. ధమని, సిర, నాడి, స్నాయుబంధనం. నాలుగు వస్తువులు, నాలుగు పేర్లు. గందరగోళం వాడుకమాటది, పరిభాషది కాదు.

ట్యూటర్: నాడియా? ‘నాడి చూడు’ అంటే మణికట్టు దగ్గర రేడియల్ ఆర్టరీ మీద వేలు పెడతారు. మీ పుస్తకంలో నాడీ వ్యవస్థ అంటే మెదడు, వెన్నుపాము. ఒకే మాట రెండు వ్యవస్థల్లో కాపురం చేస్తోంది. పైగా ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని నేర్పి పంపిస్తారు.

లెక్చరర్: నేను ఏనాడూ అలా చెప్పలేదు! అది గైడ్ల నిర్వాకం. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ రక్తమే ఉంటుందని బొమ్మ గీసి మరీ చెప్పాను.

ట్యూటర్: మీరు చెప్పారు సరే, వచ్చే పిల్లలు మాత్రం మంచి, చెడే పట్టుకొస్తారు. లేబర్ రూంలో బొడ్డుతాడు కోసి చూపిస్తే కంగారు పడతారు. అందులో రెండు ఆర్టరీలు, ఒక వెయిన్. బిడ్డకు ఆక్సిజన్ తెచ్చేది ఆ వెయినే.

లెక్చరర్: అది నిర్వచనం తప్పు, మాట తప్పు కాదు. ఆ మాటకొస్తే ఆర్టరీ ఏం గొప్ప? శవాన్ని కోస్తే ఖాళీగా కనబడ్డాయని, వాటిలో గాలి తిరుగుతుందని గ్రీకులు అనుకున్నారు. గాలి గొట్టానికీ దానికీ ఒకటే పేరు వాడారు.

ట్యూటర్: ధమనిలోనూ ‘ఊదడం’ అనే ధాతువే ఉంది కదా మాష్టారూ. గాలి రెండు చోట్లా ఉంది! జఠరిక సంగతేంటి మరి? వెంట్రికల్ అంటే లాటిన్‌లో చిన్న పొట్ట. దాన్నే తెచ్చి, జఠరం అంటే పొట్ట కదా, జఠరిక చేశారు. గుండెలో పొట్టేమిటని పిల్ల అడిగితే ఏం చెప్పను?

లెక్చరర్: (నవ్వి) సరే, అది ఒప్పుకున్నాను. ఇప్పుడు నా ప్రశ్నకు చెప్పండి. బోర్డు మీద ‘ఇలియం’ అని రాశారు. పేగా, ఎముకా? చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే, తుంటి ఎముక పైభాగమూ ఇలియమే. ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరం తేడా అయినా కనబడుతుంది, మన లిపిలో అదీ లేదు. శేషాంత్రికం అంటే పేగని ఎవరికైనా తెలుస్తుంది. ఇంకోటి. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర తగ్గడం, హైపర్‌గ్లైసీమియా అంటే పెరగడం. అర్ధరాత్రి ఫోన్‌లో ఒక్క శబ్దం సరిగ్గా వినబడకపోతే చక్కెర ఇవ్వాల్సినవాడికి ఇన్సులిన్ ఇస్తారు. ‘చక్కెర పడిపోయింది’ అంటే ఆ ప్రమాదం ఉందా?

ట్యూటర్: లేదు. దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు మాష్టారూ. అందుకే ఫోన్‌లో ఆ పేర్లు వద్దని, అంకె చెప్పమని నేర్పిస్తాం. షుగర్ 54, మనిషి స్పృహలో ఉన్నాడు, మింగగలడు. అంతే. 70 కంటే తగ్గితే 15 గ్రాముల చక్కెర, అంటే దాదాపు మూడు టీస్పూన్లు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇలియం రాసినప్పుడు పక్కన పేగు, ఎముక అని తెలుగులో రాయించక తప్పదు.

లెక్చరర్: తెలుగులో!

ట్యూటర్: రోగి తెలుగులో. నేను కాదన్నది పుస్తకాల తెలుగుని. ‘కడుపు నొప్పి’ అని వచ్చినవాడిని ఉదరమా, జఠరమా అని అడగం, ఒక్క వేలితో చూపించమంటాం. బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలకు కుడివైపు కిందికి దిగిందంటే అపెండిక్స్ అనుమానించాలి. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక ముందు మొన దాకా గీత గీస్తే, ఆ మొన నుంచి మూడో వంతు దూరంలో నొక్కినప్పుడు విలవిల్లాడతాడు. కుడి అంటే రోగి కుడి, మన కుడి కాదు. వయసులో ఉన్న ఆడమనిషైతే నెల తప్పిందా అని కూడా అడగాలి, కడుపు అన్న మాటకు ఆ అర్థమూ ఉంది కదా.

లెక్చరర్: బాగుంది. మరి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని డయాఫ్రం అని రాస్తే పిల్లకు కళ్ల ముందు ఏం కనబడుతుంది?

ట్యూటర్: మీ పుస్తకాల్లోనే దానికి రెండు పేర్లు. ఒకచోట విభాజక పటలం, ఇంకోచోట ఉదరవితానం. ఏది రాయమంటారు?

లెక్చరర్: విభాజక పటలం వదిలేయండి, ఉత్త అడ్డుతెర. వితానం చూడండి. పెళ్లి పందిట్లో చాందినీ లాగా పొట్ట మీద గుమ్మటంగా లేచి ఉంటుంది. ఊపిరి పీల్చగానే ఆ గుమ్మటం చదునై కిందికి దిగుతుంది, పైన ఛాతీలో చోటు పెరిగి గాలి లోపలికొస్తుంది. మాటలోనే బొమ్మ ఉంది.

ట్యూటర్: చాందినీ... రేపు క్లాసులో అలాగే చెప్తాను మాష్టారూ. నోట్సులో మాత్రం డయాఫ్రం అనే రాయిస్తాను.